షిఫ్ట్ మారేలోగా జవాబు: పైడిభీమవరం సాల్వెంట్ రికవరీ ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, రెండో వారం

మాది శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక మధ్యస్థాయి బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ప్లాంటు. ప్రొడక్షన్ బ్లాకుల్లో వాడేసిన మిథనాల్, టోలీన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్) లాంటి సాల్వెంట్లు, అంటే ద్రావకాలు, అన్నీ మా సాల్వెంట్ రికవరీ బ్లాకుకి వస్తాయి. బ్యాచ్ కాలమ్‌లలో, అంటే ఒక్కో విడత సరుకు పోసి నడిపే నిలువు గొట్టాల్లో, మరిగించి శుద్ధి చేస్తాం. క్యూసీ (నాణ్యత పరీక్ష) పాస్ అయ్యాక ఏ ప్రొడక్టు నుంచి వచ్చిందో దానికే తిరిగి పంపిస్తాం. రికవరీ ఆలస్యమైతే అటు రియాక్టర్లు ఖాళీగా నిలబడతాయి, లేదంటే ఫ్రెష్ సాల్వెంట్ కొనాలి. బాయిలర్ నుంచి వచ్చే స్టీమ్‌లో పెద్ద వాటా తినేది కూడా మా బ్లాకే.

షిఫ్ట్ మారే వేళ ఇన్‌చార్జి తేల్చుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. ఏ ట్యాంకు సరుకు ఏ కాలమ్‌లో ఛార్జ్ చేయాలి, రిఫ్లక్స్ (పైన చల్లబడిన ద్రవంలో తిరిగి కాలమ్‌లోకి పంపే భాగం) ఎంత పెట్టాలి, రెండో కాలమ్‌ని ఇప్పుడే వేడి చేయాలా ఆగాలా? ఇదంతా నిలబడి మాట్లాడుకునే పది నిమిషాల్లో అయిపోతుంది. అనుభవం ఉన్న ఇన్‌చార్జి అయితే బాగా తేలుస్తాడు, కొత్తవాడైతే కిందటి షిఫ్ట్ లాగ్ షీట్ చూసి అదే కొనసాగిస్తాడు.

నాకు అప్పగించిన పని ఈ పది నిమిషాలకి సాయం చేయడం. ప్రతి కాలమ్‌కీ వేగంగా జవాబిచ్చే మోడల్ ఒకటి కావాలి. వాటి ఆధారంగా రాబోయే మూడు రోజులకి షెడ్యూల్ వేయాలి. ప్లాంటులో నిజంగా జరిగేదాన్ని బట్టి రెండింటినీ ఎప్పటికప్పుడు దిద్దుకోవాలి. మోడల్ ఎంత గొప్పదైనా షిఫ్ట్ మారిపోయాక జవాబిస్తే అది ఎవరికీ అక్కరకు రాదు.

డబ్బు ఎక్కడుందో ఒక చిన్న లెక్కలో కనబడుతుంది. కిలో మిథనాల్ ఆవిరి కావడానికి సుమారు 1100 కిలోజౌళ్లు కావాలి. 3 బార్ గేజ్ దగ్గర ఉన్న కిలో స్టీమ్ నీరుగా మారేటప్పుడు ఇచ్చేది సుమారు 2130 కిలోజౌళ్లు. రిఫ్లక్స్ నిష్పత్తి 2 పెట్టామంటే, అంటే రిసీవర్ ట్యాంకులోకి ఒక పాలు తీసి రెండు పాళ్లు కాలమ్‌లోకి వెనక్కి పంపితే, టన్ను మిథనాల్ రిసీవర్‌లో పడటానికి మూడు టన్నులు మరగాలి. దానికి టన్నున్నర స్టీమ్ అవుతుంది. అదే నిష్పత్తి 1కి దించితే టన్ను స్టీమ్ చాలు, బ్యాచ్ కూడా ముందే అయిపోతుంది. కానీ మరీ ముందు దించితే రిసీవర్‌లోకి నీరు వచ్చి స్పెసిఫికేషన్ పోతుంది, మళ్లీ మరిగించాలి. ఏ క్షణంలో ఎంత నిష్పత్తి ఉండాలన్నదే ఈ ప్రాజెక్టుకి మూలం.

ఏప్రిల్ చివర

ముందుగా బరువైన మోడల్ రాశాను. కాలమ్‌లో ఒక్కో ట్రేకీ (లెక్క కోసం కాలమ్‌ని విడగొట్టుకునే ఒక్కో మెట్టుకీ) పదార్థం లెక్క, వేడి లెక్క, ఆవిరికీ ద్రవానికీ మధ్య సమతుల్యం అన్నీ ఉంటాయి. సమతుల్యానికి 1968లో రెనాన్, ప్రాస్నిట్జ్ ఇచ్చిన ఎన్ఆర్‌టీఎల్ సమీకరణం వాడాను. దాని అంకెల్ని ఉచితంగా దొరికే డీడబ్ల్యూసిమ్‌లో పక్కనే పెట్టి సరిచూసుకున్నాను. మన దేశంలో కెమికల్ ఇంజినీరింగ్ పిల్లలకి ఈ సాఫ్ట్‌వేర్‌ని దగ్గర చేసింది ఐఐటీ బాంబే ఫాసీ ప్రాజెక్టు. లైసెన్సు కొనలేని ప్లాంట్లకి అది నిజంగా పెద్ద సాయం.

ఈ మోడల్ నమ్మదగినదే. ఇబ్బందల్లా వేగం. ఒక బ్యాచ్ లెక్క పూర్తి కావడానికి నా ల్యాప్‌టాప్‌లో నాలుగు నిమిషాలు పడుతోంది. మంచి రిఫ్లక్స్ ప్రణాళిక వెతకాలంటే ఆప్టిమైజర్ దాన్ని రెండు వేల సార్లైనా పిలుస్తుంది. అంటే ఎనిమిది వేల నిమిషాలు, అయిదున్నర రోజులు. అది కూడా ఒక్క కాలమ్‌కి, ఒక్క బ్యాచ్‌కి! పెద్ద సర్వర్ పెట్టినా పది నిమిషాల్లోకి రాదు. అందుకే ఈ మోడల్‌ని షిఫ్ట్‌లో వాడకుండా, తేలిక మోడల్‌కి పాఠం చెప్పే గురువుగా ఉంచుతున్నాను.

మే మొదటి వారం

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ నుంచి కంప్యూటర్ సైన్స్ ఇంటర్న్ ఒకమ్మాయి వచ్చింది. మొదటి రోజే సూటిగా అడిగింది: "సార్, బరువైన మోడల్‌ని కొన్ని వేల సార్లు నడిపి ఆ ఫలితాలతో న్యూరల్ నెట్‌వర్క్ ట్రైన్ చేస్తే సరిపోతుంది కదా? ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ వచ్చేస్తుంది, ఒక్క సెకను కూడా పట్టదు."

మంచి ప్రశ్న. చాలాచోట్ల చేసేది అదే. కానీ అలాంటి మోడల్‌కి పదార్థం కొత్తగా పుట్టదు, మాయమవదు అన్న సంగతి తెలియదు. పాట్‌లో (కాలమ్ అడుగున సరుకు మరిగే పాత్రలో) వేసిన మిథనాల్ కంటే రిసీవర్‌లో కాస్త ఎక్కువ వచ్చినట్టు చెప్పినా దానికి అభ్యంతరం ఉండదు. సగటున తప్పు ఒక శాతమే అని మనం తృప్తి పడతాం. ఆప్టిమైజర్ మాత్రం సగటు దగ్గర ఆగదు, లాభం ఎక్కువ కనిపించే మూలకే పోతుంది. లాభం ఎక్కువ కనిపించేది చాలాసార్లు మోడల్ తప్పు చెప్పే మూలలోనే. లేని మిథనాల్‌ని అది ఉన్నట్టే లెక్కేసుకుని షెడ్యూల్ ఇస్తుంది.

అందుకని పని ఎలా పంచాలో ఇద్దరం కూర్చుని తేల్చాం. పదార్థం లెక్క, వేడి లెక్క ముట్టుకోం. అవి సమీకరణాలుగానే ఉంటాయి, అందులో ఊహకి చోటు లేదు. ఊహించాల్సినవి రెండే. ఒకటి, ఇచ్చిన స్టీమ్ ప్రెజర్‌కి, కూలింగ్ వాటర్ ఉష్ణోగ్రతకి గంటకి ఎంత వేపర్ (సాల్వెంట్ ఆవిరి) లేస్తుంది. రెండోది, ఆ వేపర్ వేగంలో కాలమ్ ఎన్ని ట్రేల బలంతో పనిచేస్తుంది. ఈ రెండింటినే డేటా నుంచి నేర్చుకుంటాం. నేర్పాల్సింది తక్కువైతే డేటా తక్కువ సరిపోతుంది, మోడల్ తప్పు చెప్పినా ఎంత దూరం పోగలదో మనకి తెలుస్తుంది. ఈ ప్రాజెక్టులో నేను గట్టిగా పట్టుబట్టింది ఈ ఒక్క విషయం మీదే.

మే, వడగాడ్పుల రోజులు

తేలిక మోడల్ అస్థిపంజరం పాతదే. 1902లో రేలే రాసిన సమీకరణం: పాట్‌లోంచి ఎంత పోయిందో, పోయినదాని గాఢత ఎంతో తెలిస్తే మిగిలినదాని గాఢత తెలుస్తుంది. కాలమ్ పైన ఏ గాఢత వస్తుందో చెప్పడానికి, కనీసం ఎన్ని ట్రేలు కావాలో తేల్చే 1932 నాటి ఫెన్‌స్కే సమీకరణం, కనీసం ఎంత రిఫ్లక్స్ కావాలో తేల్చే అండర్‌వుడ్ పద్ధతి, ఈ రెండింటినీ కలిపే 1940 నాటి గిలిలాండ్ రేఖ. కంప్యూటర్లు లేని రోజుల్లో కాగితం మీద కాలమ్ డిజైన్ చేయడానికి వాళ్లు ఏర్పరచుకున్న దారి ఇది. కొన్ని లక్షల సార్లు లెక్కించాల్సి వచ్చిన ఈ రోజుల్లో అదే దారి మళ్లీ పనికొస్తోంది. ఆ పాత పేపర్లు చదువుతుంటే వాళ్ల మీద గౌరవం పెరిగింది. ఏది వదిలేయొచ్చో తెలియాలంటే విషయం ఎంత లోతుగా తెలిసి ఉండాలో!

అయితే మిథనాల్, నీరు జంటకి ఒక చిక్కు ఉంది. ఫెన్‌స్కే లెక్క సాపేక్ష బాష్పశీలత (ఒకదానికంటే ఇంకొకటి ఎన్ని రెట్లు తేలిగ్గా ఆవిరవుతుందన్న అంకె) మారదనుకుంటుంది. ఇక్కడ అది బాగా మారుతుంది: నీరు ఎక్కువున్న చోట 7 దగ్గర, మిథనాల్ ఎక్కువున్న చోట 2.5 దగ్గర. బ్యాచ్ మొదట్లో ఒక కాలమ్, చివర్లో ఇంకో కాలమ్ అన్నట్టు ఉంటుంది. అందుకే పాట్ గాఢతని బట్టి, వేపర్ వేగాన్ని బట్టి మారే ట్రేల బలాన్ని గురువు మోడల్ నుంచి నేర్పాల్సి వచ్చింది. కాలమ్ లోపల నిలిచే ద్రవాన్ని వదిలేశాం. మా కాలమ్‌లలో ఉన్నది నిజమైన ట్రేలు కాదు, ప్యాకింగ్ కాబట్టి, ఛార్జ్‌తో పోలిస్తే నిలిచేది తక్కువ. మిగిలింది రెండే రాశులు: పాట్‌లో ఎంత ఉంది, అందులో మిథనాల్ వాటా ఎంత. ఒక బ్యాచ్ మొత్తం లెక్క కొన్ని మిల్లీసెకన్లలో వస్తోంది.

గురువు మోడల్‌ని ఎక్కడెక్కడ నడపాలో ఎంచడానికి 1979లో మెకే, బెక్‌మన్, కోనోవర్ ప్రతిపాదించిన లాటిన్ హైపర్‌క్యూబ్ పద్ధతి వాడాం. ఛార్జ్ పరిమాణం, మొదటి గాఢత, స్టీమ్ ప్రెజర్, రిఫ్లక్స్, కూలింగ్ వాటర్ ఉష్ణోగ్రత, ఈ అయిదింటినీ తలా అయిదు మెట్లుగా విడగొట్టి అన్ని కలయికలూ నడిపితే 3125 పరుగులు. ఈ పద్ధతిలో ప్రతి రాశి పరిధీ సమంగా కవర్ అవుతూ కొన్ని వందల పరుగులతో పని జరిగిపోయింది. రాత్రిళ్లు ఆఫీసు కంప్యూటర్లలో వదిలేసి ఇంటికి పోయేవాళ్లం.

జూన్

ప్లాంటులో కొలతలు. కాగితం మీద ఉన్న వేపర్ వేగానికీ, నిజంగా లేచే వేపర్‌కీ తేడా ఎంతో తెలియకుండా ముందుకి పోలేం. మాకు వేపర్ లైన్‌లో మీటర్ లేదు. రిసీవర్ లెవెల్ ఎంత వేగంగా పెరుగుతోందో చూసి, రిఫ్లక్స్ డివైడర్ టైమర్ నిష్పత్తితో గుణించి వేపర్ లెక్క కట్టాం. పాత కాలమ్ రీబాయిలర్ (స్టీమ్‌తో సరుకుని మరిగించే భాగం) డ్రాయింగ్‌లో చెప్పినంత వేడి ఇవ్వడం లేదు. ట్యూబుల మీద పొర పేరుకుంది. క్లీనింగ్ అయిన వారంలో ఒక అంకె, నెల గడిచాక ఇంకో అంకె. కాబట్టి ఆ అంకెని స్థిరంగా రాయకుండా, ప్రతి బ్యాచ్ తర్వాత మోడల్ తనే దిద్దుకునేలా పెట్టాం. దీంతో అనుకోని లాభం ఒకటి వచ్చింది. ఆ అంకె ఎంత పడిపోతే క్లీనింగ్‌కి పిలవాలో మెయింటెనెన్స్ వాళ్లు ఇప్పుడు అంకె చూసి మాట్లాడుకుంటున్నారు.

ఈ కొలతల రోజుల్లో ఎక్కువ నేర్పింది కాలమ్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తున్న పెద్ద ఆపరేటరు. లావేరు వైపు ఊరు ఆయనది. ఒకరోజు నా స్క్రీన్ చూసి అన్నాడు:

"బాబూ, ఇది కాలమ్ గురించి బాగానే సెప్తాంది. పక్క కాలమ్ గురించి ఏటీ సెప్పట్లేదేటి?"

"పక్కదానికి వేరే మోడల్ ఉంది బాబాయ్."

"అదే అంతన్నాను. నేను ఇటు వాల్వు తెరిస్తే అటు ప్రెజర్ పడిపోద్ది. రెండూ ఒకటే కదా మరి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒకే బావి మీద నాలుగు మోటార్లు పెట్టినట్టు, అన్నిటికీ స్టీమ్ పంచే పెద్ద గొట్టం, అంటే స్టీమ్ హెడర్, ఒక్కటే. అయిదున్నర టన్నుల ఛార్జ్‌ని 30 డిగ్రీల నుంచి మరుగు స్థాయికి తేవడానికి సుమారు నాలుగు వందల కిలోల స్టీమ్ కావాలి. దాన్ని గంటన్నరలో తీసుకుంటే హెడర్‌కి తెలియదు. అరగంటలో లాగేస్తే గంటకి ఎనిమిది వందల కిలోల వేగం. అదే సమయానికి ఇంకో కాలమ్ మెయిన్ కట్‌లో (అసలు శుద్ధ సాల్వెంట్ దిగే దశలో) ఉండి, ఎఫ్లుయెంట్ వైపు ఎంఈఈ (వ్యర్థ జలాన్ని ఆవిరి చేసే యూనిట్) కూడా నడుస్తుంటే హెడర్ ప్రెజర్ పడుతుంది, మెయిన్ కట్‌లో ఉన్న కాలమ్‌లో వేపర్ తగ్గుతుంది, కట్ చెడుతుంది. ఒక్కో కాలమ్‌ని విడిగా ఆప్టిమైజ్ చేస్తే అన్నీ తమ తమ లెక్క ప్రకారం బాగానే ఉంటాయి, కలిపి నడిపితే కుదరవు. షెడ్యూల్‌ని, ప్రాసెస్ మోడల్‌ని విడదీయకూడదని పుస్తకాల్లో చదివినదానికి ఇంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు.

జూలై

షెడ్యూల్ పని మొదలైంది. 1993లో కొండిలి, పాంటెలిడెస్, సార్జెంట్ ఇచ్చిన స్టేట్ టాస్క్ నెట్‌వర్క్ పద్ధతి మా బ్లాకుకి సరిగ్గా సరిపోతుంది. సరుకు ఏ ఏ స్థితుల్లో ఉంటుంది? స్పెంట్ (వాడేసినది), ఫోర్‌కట్ (మొదట దిగేది), మెయిన్ కట్, టెయిల్ కట్ (చివర దిగేది), క్యూసీ కోసం ఆగినది, పాస్ అయినది. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి తీసుకెళ్లే పనులేమిటి? ఛార్జ్, వేడి చేయడం, టోటల్ రిఫ్లక్స్ (ఏమీ తీయకుండా అంతా వెనక్కి పంపడం), కట్‌లు, డ్రెయిన్, క్లీనింగ్. ఏ పని ఏ కాలమ్‌లో చేయొచ్చు, ఎంతసేపు పడుతుంది, ఎంత స్టీమ్ తింటుంది?

ఆ "ఎంతసేపు", "ఎంత స్టీమ్" అన్న అంకెల్ని మామూలుగా ఎవరో ఒకసారి ఎక్సెల్ షీట్లో రాసేసి ఉంచుతారు, ఏళ్లు గడిచినా అవే ఉంటాయి. మా దగ్గర తేలిక మోడల్ వాటిని ప్రతిసారీ కొత్తగా లెక్కిస్తుంది. ఈ ట్యాంకులో ఈరోజు ఉన్న గాఢతకి, ఈరోజు రీబాయిలర్ ఉన్న స్థితికి మూడు రకాల నడకలు ఇస్తుంది: స్టీమ్ ఎక్కువ తిని త్వరగా అయ్యేది, మధ్యస్థం, నిదానంగా అయి స్టీమ్ ఆదా చేసేది. షెడ్యూలర్ వాటిలో ఒకటి ఎంచుకుంటుంది. వంపులున్న ప్రాసెస్ లెక్క అంతా మోడల్ వైపు ఉండిపోయి, షెడ్యూలర్ దగ్గర సరళరేఖల లెక్కే మిగులుతుంది. ఈ విభజన వల్లే రెండూ వేగంగా నడుస్తున్నాయి.

పరిమాణం ఎంతంటే, అరగంట గడుల్లో మూడు రోజులు అంటే 144 గడులు. పని, కాలమ్ జంటలు 12 ఉన్నాయనుకుంటే, ఒక్కోదానికి మూడు నడకలు. మొత్తం 5184 అవును, కాదు నిర్ణయాలు. ఓపెన్ సోర్స్ హైగ్స్ సాల్వర్ (ఇలాంటి లెక్కలు తేల్చే ప్రోగ్రామ్) దీన్ని తట్టుకుంటోంది. అన్నిటికంటే మేలైన జవాబు కోసం గంటలు ఆగకుండా, కొన్ని నిమిషాల గడువు పెట్టి, అప్పటికి దొరికిన మంచి షెడ్యూల్ తీసుకుంటున్నాం. కిందటి షిఫ్ట్ షెడ్యూల్‌నే మొదటి అడుగుగా ఇస్తే ఇంకా త్వరగా తేలుతోంది.

షరతుల్లో ఎక్కువ ఆలోచించింది ఎండీసీ గురించి. అది 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మన తీరంలో వేసవి తేమకి కూలింగ్ టవర్ నీరు 32, 33 డిగ్రీల కంటే దిగదు. ఏడు డిగ్రీల తేడాతో, ఆవిరిని చల్లార్చి ద్రవం చేసే కండెన్సర్ ఎంతని పట్టుకుంటుంది? పట్టుకోలేనిది వెంట్ నుంచి గాలిలోకి పోతుంది. అది డబ్బు నష్టం ఒక్కటే కాదు, అక్కడ పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల సంగతి కూడా. కాబట్టి ఎండీసీకి చిల్డ్ వాటర్ ఉండి తీరాలి. ఆ నీటిని చల్లబరిచే చిల్లర్ మీదే ప్రొడక్షన్ వాళ్ల క్రిస్టలైజేషన్లు ఆధారపడి ఉన్నాయి. పీక్ గంటల్లో కరెంటు యూనిట్ ధర ఎక్కువ. వీటన్నిటినీ కలిపి చూస్తే షెడ్యూలర్ ఎండీసీ బ్యాచ్‌లని చాలావరకు రాత్రి రెండో జాములోకి నెడుతోంది. చిల్లర్‌కి వీలు లేనప్పుడు ఎండీసీ ఛార్జ్ చేయకూడదన్నది కఠినమైన షరతు. ఎంత లాభం చూపించినా సడలించడానికి వీల్లేదు.

ఇంకో షరతు నాణ్యత వైపు నుంచి. రికవర్ చేసిన సాల్వెంట్‌ని మళ్లీ వాడాలంటే రికవరీ విధానం మీద అదుపు, పర్యవేక్షణ ఉండాలని మందుల ముడిసరుకు తయారీకి ఉన్న అంతర్జాతీయ ఐసీహెచ్ క్యూ7 మార్గదర్శకం చెబుతుంది. మా ప్లాంటు నియమం ఇంకా గట్టిది: ఒక ప్రొడక్టు మిథనాల్ ఇంకో ప్రొడక్టులోకి పోకూడదు. కాబట్టి కాలమ్‌లో ప్రొడక్టు మారితే మధ్యలో క్లీనింగ్, శాంపిల్, క్యూసీ క్లియరెన్స్ ఉండాలి. ఒకే ప్రొడక్టు బ్యాచ్‌లని వరసగా పెట్టుకోవడంలో ఎంత సమయం మిగులుతుందో షెడ్యూలర్ చూపించాకే అందరికీ అర్థమైంది.

ఆగస్టు

మామూలుగా రియల్ టైమ్ ఆప్టిమైజేషన్ అంటే రిఫైనరీల్లో, ఇథిలీన్ ప్లాంట్లలో చేసే పద్ధతి గుర్తొస్తుంది. ప్లాంటు నిలకడకి వచ్చేదాకా ఆగడం, కొలతల్ని సరిచూడటం, మోడల్ అంకెల్ని దిద్దడం, కొత్త సెట్ పాయింట్లు ఇవ్వడం. బ్యాచ్ కాలమ్‌లో నిలకడ అనేదే ఉండదు, ప్రతి నిమిషం పాట్ గాఢత మారుతూనే ఉంటుంది. ఆగితే బ్యాచ్ అయిపోతుంది. అందుకని కదులుతుండగానే దిద్దుకోవాలి. 1960లో కాల్‌మన్ ఇచ్చిన ఫిల్టర్ పద్ధతిని మా రెండు రాశుల మోడల్‌కి తగిలించాం. రిసీవర్ లెవెల్, పాట్ ఉష్ణోగ్రత వస్తున్నకొద్దీ మోడల్ తన అంచనాని కొద్దికొద్దిగా సర్దుకుంటుంది. రాశులు రెండే కాబట్టి ఇది మామూలు కంప్యూటర్లోనే నడుస్తోంది.

ఇక్కడ పాట్ థర్మామీటరే మాకు పెద్ద ఆస్తి. మిథనాల్, నీరు మాత్రమే ఉంటే ఉష్ణోగ్రతే గాఢత చెప్పేస్తుంది: మిథనాల్ మోల్ భిన్నం (అణువుల లెక్కలో దాని వాటా) 0.5 అయితే 73 డిగ్రీలు, 0.3 అయితే 78, 0.1కి దిగితే 87.7. ల్యాబ్ నుంచి జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) రిపోర్టు రావడానికి గంట, రెండు గంటలు పడుతుంది, థర్మామీటర్ ఆ క్షణంలోనే చెబుతుంది. కానీ స్పెంట్‌లో టోలీన్ కాస్త కలిసిందంటే ఈ లెక్క చెదురుతుంది. టోలీన్, మిథనాల్ కలిసి ఎజియోట్రోప్ (మామూలుగా మరిగించి విడదీయలేని మిశ్రమం) అవుతాయి, మిథనాల్ కంటే డిగ్రీ తక్కువలోనే మరుగుతాయి. కాబట్టి ఛార్జ్‌కి ముందు ట్యాంకు శాంపిల్ జీసీ తప్పనిసరి చేశాం. టోలీన్ ఉంటే ఫోర్‌కట్ పొడవు పెరుగుతుంది, మోడల్‌కి ఆ సంగతి ముందే చెబుతాం.

అక్టోబరు

బంగాళాఖాతంలో వాయుగుండం. మూడు రోజులు ముసురు. మిథనాల్ కాలమ్ టాప్ ఉష్ణోగ్రత మామూలు కంటే తక్కువ చూపిస్తోంది. షిఫ్ట్‌లో వాళ్లు సెన్సర్ మార్చాలా అని అడిగారు. సెన్సర్ బాగానే ఉంది, మారింది బయటి గాలి పీడనం. మిథనాల్ మరుగు స్థానం దగ్గర 10 మిల్లీబార్ల పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రత 0.27 డిగ్రీ తగ్గుతుంది. చూడటానికి చిన్న అంకె. కానీ 99.5 శాతం మిథనాల్‌కి, పూర్తి శుద్ధమైనదానికి మధ్య తేడా పావు డిగ్రీ కూడా ఉండదు. అంటే వాయుగుండం వచ్చిన రోజున టాప్ థర్మామీటర్ ఒక్కటే చూసి కట్ మార్చడం కుదరదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన జిల్లా ఇది. ఇలాంటి రోజులు ప్రతి ఏడూ వస్తాయి, కాబట్టి మోడల్‌కి అవి తెలిసి ఉండాల్సిందే. కంట్రోల్ రూమ్ పక్కన ఒక బారోమీటర్ పెట్టించి, దాని రీడింగ్‌ని మోడల్‌కి కలిపాం. 1888లో ఆంటోయిన్ రాసిన ఆవిరి పీడన సమీకరణం ఒక్క గీతలో ఈ సవరణ ఇచ్చేస్తుంది. దాంతోపాటు కట్ నిర్ణయాన్ని టాప్ నుంచి కాలమ్ మధ్యలో ఉన్న థర్మామీటర్‌కి మార్చాం. నీరు పైకి ఎక్కుతుంటే ముందు మధ్యలోనే కనబడుతుంది, అక్కడ ఉష్ణోగ్రత మార్పు డిగ్రీల్లో ఉంటుంది. ఖర్చు దాదాపు ఏమీ లేదు. మొత్తం ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పు ఇదే.

నవంబరు

ఇప్పుడు అన్ని షిఫ్ట్‌లలో సలహాగా నడుస్తోంది. డీసీఎస్‌లోకి (ప్లాంటుని నడిపే కంట్రోల్ కంప్యూటర్లోకి) నేరుగా ఏమీ రాయదు. ఇంటర్‌లాక్‌లు, సేఫ్టీ ట్రిప్‌లు వాటి పని అవి చేసుకుంటాయి, వాటితో మా ప్రోగ్రామ్‌కి సంబంధం లేదు. తేలిక మోడల్ ఎంత బాగా పనిచేసినా మండే సాల్వెంట్ల దగ్గర ఈ గీత చెరగకూడదని నా గట్టి అభిప్రాయం.

స్క్రీన్ మీద ఏం చూపించాలన్నదానికి చాలా సమయం పట్టింది. మొదట ఇంటర్న్ అందమైన రంగుల చార్టు చేసింది, మేనేజర్లకి బాగా నచ్చింది. కంట్రోల్ రూమ్‌లో మాత్రం పెద్దాయన అడిగింది ఒకటే: "ఎందుకని?" రెండో కాలమ్‌ని గంట ఆపమంటే ఎందుకు ఆపాలో చెప్పాలి. ఇప్పుడు ప్రతి సలహా కింద ఒక వాక్యం ఉంటుంది. "మొదటి కాలమ్ మెయిన్ కట్ అయ్యేదాకా స్టీమ్ చాలదు." "క్యూసీ రిపోర్టు రాలేదు, రిసీవర్ ఖాళీ లేదు." సాల్వర్‌లో ఏ షరతు బిగుసుకుందో చూసి ఆ వాక్యం తయారవుతుంది. ఈ వాక్యాలు వచ్చాక ఒప్పుకోని సలహాలు తగ్గాయి. ఒప్పుకోనప్పుడు కారణం కూడా రాస్తున్నారు, ఆ కారణాల్లో కొన్ని కొత్త షరతులయ్యాయి.

షెడ్యూల్ ప్రతి షిఫ్ట్‌లో కొత్తగా లెక్కిస్తాం కాబట్టి, చిన్న మార్పుకే మొత్తం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. మొదటి రెండు గంటలు మార్చకూడదని బిగించాం. ఆ తర్వాతవి మార్చాలంటే కొంత జరిమానా పెట్టాం, అంత లాభం ఉంటేనే మారుతుంది. వాల్వులు తిప్పే మనిషికి తన తర్వాతి రెండు గంటల పని తెలిసి ఉండాలి. లేకపోతే అతనికి టెన్షన్ పెరుగుతుంది, మా మీద నమ్మకం పోతుంది.

డిసెంబరు

బ్యాచ్ పూర్తయ్యే సమయాన్ని మిథనాల్ కాలమ్‌లకి మోడల్ అరగంట తేడాలోపు చెబుతోంది. షెడ్యూల్ గడి కూడా అరగంటే కాబట్టి, ఇంతకంటే సూక్ష్మంగా చెప్పించడానికి శ్రమ పెట్టడం దండగ. స్టీమ్ అంచనా అంత బాగా లేదు. కండెన్సేట్ మీటర్ పెట్టిన కాలమ్‌లో సరిపోతోంది, మీటర్ లేనిచోట అంచనా మీదే ఉన్నాం. వచ్చే షట్‌డౌన్‌లో మిగతా రెండింటికీ మీటర్లు అడిగాను.

మోడల్‌ని దిద్దే పద్ధతిలో ఒక మార్పు చేస్తున్నాం. ఇప్పటిదాకా మోడల్ చెప్పిన అంకెకీ జరిగినదానికీ ఉన్న తేడాని కలుపుతూ వచ్చాం. కానీ ఆప్టిమైజర్‌కి కావాల్సింది వాలు: రిఫ్లక్స్ కాస్త తగ్గిస్తే స్టీమ్ ఎంత తగ్గుతుంది, నీరు ఎంత పెరుగుతుంది? అంకె సరిగ్గా ఉండి వాలు తప్పితే అది తప్పు దిక్కుకే పోతుంది. 2009లో మార్కెట్టి, షాషుయా, బాన్వాన్ వివరించిన మోడిఫైయర్ అడాప్టేషన్ పద్ధతి ఈ వాలునే దిద్దుతుంది. ప్లాంటులో వాలు కొలవడానికి ప్రత్యేకంగా ప్రయోగాలు చేయక్కర్లేదు. షెడ్యూలర్ ఒకే ప్రొడక్టుకి ఒకసారి త్వరిత నడక, ఇంకోసారి నిదాన నడక ఎంచుకుంటోంది కాబట్టి, ఆ రెండు బ్యాచ్‌ల తేడాయే వాలు.

ఐపీఏ కాలమ్ ఇంకా మిగిలి ఉంది. ఐపీఏ, నీరు 80.3 డిగ్రీల దగ్గర ఎజియోట్రోప్ కడతాయి, బరువులో ఐపీఏ సుమారు 88 శాతం. ఎంత రిఫ్లక్స్ పెట్టినా మామూలు మరుగులో అంతకు మించదు. మిగిలిన నీటిని మాలిక్యులర్ సీవ్ బెడ్‌లు తీస్తాయి, వాటిని తిరిగి ఆరబెట్టాలి. ఆ ఆరబెట్టే సమయం బెడ్ ఎంత నీరు పట్టిందన్నదాని మీద ఆధారపడుతుంది. కాలమ్‌లో ఇంకాస్త స్టీమ్ ఖర్చు పెట్టి ఎజియోట్రోప్‌కి దగ్గరగా తీసుకెళ్తే బెడ్ మీద భారం తగ్గుతుంది. ఎక్కడ ఆపాలన్నది రెండు మోడళ్లు కలిపి తేల్చాలి. బెడ్‌కి కూడా నీటి లెక్కని సమీకరణంగానే ఉంచి, పట్టే వేగాన్ని మాత్రమే డేటా నుంచి నేర్పుతాం. దానికి సరిపడా రీజెనరేషన్ లాగ్ షీట్లు స్టోర్‌లో ఉన్నాయి. ఇంటర్న్ వాటిని ఎక్కించడం మొదలుపెట్టింది, జనవరిలో మొదటి ఫిట్టింగ్ చేస్తాం.